చేతిలో రెండు కరెంట్లు: సత్యనారాయణపురంలో ఒక వర్క్‌స్టేషన్ కేసు

నేను ఫిజియోథెరపిస్టుని. సూర్యారావుపేటలో చిన్న క్లినిక్ నడుపుతున్నాను. 2020 తర్వాత మా దగ్గరికి కొత్త రకం పేషెంట్లు రావడం మొదలైంది. ఉద్యోగం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో, మనిషి ఉండేది బెజవాడలో, పని చేసేది ఇంట్లో ఏదో ఒక బల్ల మీద. వీళ్లందరూ దాదాపు ఒకే మాటతో లోపలికొస్తారు: "మెడ పట్టేసింది సార్, చెయ్యి లాగుతోంది." ఇక్కడ రాస్తున్న కేసు కూడా అలాగే మొదలైంది. పేషెంట్ అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఆవిడ వయసు 36. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, పదమూడేళ్ల అనుభవం. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. ఈ ఎత్తు గుర్తుపెట్టుకోండి, కేసంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

2025 మే చివర్లో, రోహిణి కార్తె ఎండల్లో వచ్చారు. కంప్లయింట్లు మూడు. మెడ కుడివైపు నుంచి భుజం దాకా బిగుతు, సాయంత్రానికి తలనొప్పి. కుడిచేతిలో తిమ్మిరి, "జివ్వుజివ్వుమంటోంది" అన్నారు. తెల్లవారుజామున మూడింటికి చెయ్యి మొద్దుబారి మెలకువ వస్తోంది. అప్పటికే వేరే చోట మూడు వారాలు ట్రాక్షన్ (మెడని మెల్లగా లాగి ఉంచడం), నొప్పికి కరెంటు పెట్టడం అన్నీ అయ్యాయి. ఎక్స్‌రేలో మెడ దగ్గర 5, 6 పూసల మధ్య కొంచెం అరుగుదల కనబడింది. దాంతో "స్పాండిలైటిస్, మెడలో నరం నొక్కుకుంది" అని చెప్పి కాలర్ ఇచ్చారు. పాపం, ఆ ఎండలో ఆ కాలర్ వేసుకునే వచ్చారు. దాని కింద చర్మమంతా చెమటకాయలు.

ముప్పై అయిదు దాటిన మనిషి మెడకి ఎక్స్‌రే తీస్తే అరుగుదల కనబడటం పెద్ద విశేషమేమీ కాదు. ఏ నొప్పీ లేనివాళ్లకీ కనబడుతుంది. అందుకే ఫిల్మ్ పక్కన పెట్టి చెయ్యి చూశాను.

క్లినిక్‌లో కనబడింది

తిమ్మిరి ఏ వేళ్లలో అని అడిగితే మొదట "చెయ్యంతా" అన్నారు. కళ్లు మూసుకుని, రాత్రి మెలకువ వచ్చినప్పుడు ఎక్కడుంటుందో గుర్తు తెచ్చుకుని చెప్పమన్నాను. ఎడమచేత్తో కుడిచేతి చిటికెన వేలు పట్టుకున్నారు. తర్వాత ఉంగరపు వేలు, అదీ చిటికెన వేలి వైపు సగం.

నాకు సగం దారి అక్కడే దొరికింది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కితే మణికట్టు దగ్గర మీడియన్ నరాన్ని అనుమానించాలి. చిటికెన వేలు, దాని పక్కది అంటే అల్నార్ నరం. మోచేతికి తలుపు తగిలినప్పుడు చేతి చివరిదాకా కరెంటు కొట్టినట్టుంటుందే, ఆ నరమే. మోచేతి లోపలివైపు ఎముక వెనకాల, చర్మం కిందనే పోతుంది. దాని పైన కండ గానీ కొవ్వు గానీ పెద్దగా ఉండదు.

తలను పక్కకి వంచి పైనుంచి నొక్కి చూశాను. మెడ నొప్పి వచ్చింది గానీ చేతిలోకి దిగలేదు. మణికట్టు వంచి నిమిషం ఉంచితే ఏమీ లేదు. మోచెయ్యి పూర్తిగా మడిచి ఉంచమంటే నలభై సెకన్లకే "ఇదే సార్, ఇదే" అన్నారు. మోచేతి లోపలివైపు వేలితో తట్టినా చిటికెన వేలిదాకా జుమ్మంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాగితం పెట్టి లాగాను. గట్టిగానే పట్టుకున్నారు. కండ బలం తగ్గలేదు, అరచేతిలో ఎక్కడా గుంట పడలేదు. అది పెద్ద ఊరట. బలం తగ్గి ఉంటే నేను బల్ల సంగతి మాట్లాడకుండా ముందు న్యూరాలజిస్టు దగ్గరికి పంపేవాణ్ణి. తర్వాత పంపాను కూడా. నరాల పరీక్షలో అల్నార్ నరం మోచేతి దగ్గర కొద్దిగా నెమ్మదించిందని వచ్చింది.

చెయ్యి తిప్పి మోచెయ్యి చూశాను. ముంజేయి మొదలయ్యే చోట, లోపలివైపు, రూపాయి బిళ్ళంత మేర చర్మం నల్లబడి, గరుకుగా, మొద్దుబారి ఉంది. రోజూ ఏదో గట్టిదాని మీద ఆనిస్తే తప్ప అలా కాదు.

"పని చేసేటప్పుడు ఈ చెయ్యి ఎక్కడ పెడతారమ్మా?"

"ఎక్కడా పెట్టను సార్, టైపింగ్‌లోనే ఉంటుంది."

నిజమే చెప్పారు. తన చెయ్యి రోజంతా ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. అందుకే ఇలాంటి కేసుల్లో ఇంటికి వెళ్లి చూడాలని నేను పట్టుబడతాను. పని చేసే చోటు చూడకుండా మెడకి వైద్యం చేస్తే, కారుతున్న కుళాయి కింద నేల తుడిచినట్టే.

ఒక్క విషయం మాత్రం నాకు కుదరలేదు. "జివ్వుమంటోంది" అన్న మాట. అల్నార్ నరం తిమ్మిరిని చాలామంది సూదులు గుచ్చినట్టు ఉందనో, మొద్దుబారిందనో అంటారు. ఈవిడ జివ్వుజివ్వు అనడమే కాదు, ఒక్కోసారి అరచేతి మొదట్లో, మణికట్టు దగ్గర కూడా అంటున్నారు. మోచేతి దగ్గర నరం నొక్కుకుంటే అక్కడ అలా జివ్వుమనడం మామూలుగా వినేది కాదు.

ఇంట్లో కనబడింది

సత్యనారాయణపురంలో, ఒకప్పుడు రైలు పట్టాలుండి ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డయిన వైపు, పాత డాబా ఇల్లు. అద్దెకుంటున్నారు. అంతకుముందు సింగ్‌నగర్‌లో కింది పోర్షన్‌లో ఉండేవారు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు నీళ్లు ఇంట్లోకొచ్చాయి. ఆవిడ పని బల్ల పార్టికల్ బోర్డుది. నీళ్లు తీశాక చూస్తే అట్టలా ఉబ్బి, ముట్టుకుంటే పొట్టు పొట్టుగా రాలిందట. మానిటర్, కుర్చీ కూడా పోయాయి. ఇల్లు మారారు, కొత్త మానిటర్ కొన్నారు, బల్ల మాత్రం "తర్వాత చూద్దాం" అనుకున్నారు. ఆ తర్వాత తొమ్మిది నెలలు డైనింగ్ టేబుల్ మీదే గడిచింది. ఈ వివరం రాయడానికి కారణం ఉంది. ఇంత చదువుకున్న మనిషి ఇలా ఎందుకు కూర్చుంది అని తేలిగ్గా అనేస్తాం. ఇల్లు మునిగిన మనిషి ముందు ఫ్రిజ్ కొంటుంది, పిల్లల పుస్తకాలు కొంటుంది. తన బల్ల చివర్లోనే వస్తుంది.

టేపు తీశాను. ఇంటికెళ్లినప్పుడు నేను చేసే మొదటి పని ఇదే. మనిషిని ముందు కొలవాలి, వస్తువుల్ని తర్వాత.

అరికాలి నుంచి మోకాలి వెనక మడత దాకా 15 అంగుళాలు. కూర్చున్నాక సీటు నుంచి మోచేతి దాకా 9. సీటు నుంచి కంటి దాకా 28. అంటే పాదాలు నేలకి ఆనించి హాయిగా కూర్చుంటే ఈవిడ మోచెయ్యి నేలకి 24 అంగుళాల ఎత్తులో ఉంటుంది. కీబోర్డు ఉండాల్సింది అక్కడే.

డైనింగ్ టేబుల్ ఎత్తు 30 అంగుళాలు. పైన గాజు పలక. కుర్చీ 18. కుర్చీలో ఆవిడ మోచెయ్యి 27కి వస్తుంది, లాప్‌టాప్ మందంతో కలిపి మీటలు దాదాపు 31 దగ్గరుంటాయి. నాలుగంగుళాల తేడా. ఆ నాలుగు అంగుళాలూ ఆవిడ భుజాలతో భర్తీ చేస్తున్నారు. భుజాలు పైకెత్తి, చేతులు గాల్లో పట్టుకుని టైప్ చేయాలి. ఇరవై నిమిషాలకి భుజం అలిసిపోతుంది. అలిసిన చెయ్యి ఆసరా వెతుక్కుంటుంది. గాజు పలక అంచు అక్కడే ఉంది.

నేను పక్కన స్టూలు మీద కూర్చుని, మామూలుగా పని చేసుకోమన్నాను. పదిహేడు నిమిషాలకి ఒక కాల్ వచ్చింది. హెడ్‌సెట్ పెట్టుకుని, కుడి మోచెయ్యి గాజు అంచు మీద ఆనించి, ఆ అరచేతిలో గడ్డం పెట్టుకున్నారు. మోచెయ్యి పూర్తిగా మడిచి ఉంది, కింద గాజు, పైన తల బరువు. ముప్పై అయిదు నిమిషాలు కదల్లేదు. కాల్ అయ్యాక ఫోటో చూపిస్తే నమ్మలేదు. "నేను ఇలా కూర్చుంటానా?" అన్నారు.

మెడకి రెండో కారణం కూడా ఎదురుగానే ఉంది. లాప్‌టాప్ ముందు, మానిటర్ కుడిపక్క. ప్లగ్ పాయింట్ అటువైపే ఉంది కాబట్టి మానిటర్ అక్కడే చేరింది. కోడంతా రాసేది మానిటర్‌లో. తొమ్మిది నెలలుగా రోజుకి ఏడెనిమిది గంటలు తల కుడికి తిప్పుకునే ఉన్నారు. వీపు వెనకాల పడమటి కిటికీ. మధ్యాహ్నం మూడు దాటితే స్క్రీన్ మీద ఎండ మెరుపు. అది తప్పించుకోవడానికి గడ్డం ముందుకు చాచి చూస్తున్నారు.

ఇక ఆ జివ్వు.

లాప్‌టాప్‌ని జరపబోయి దాని మూత మీద నా ముంజేయి ఆనించాను. సన్నగా, చర్మం కింద చీమలు పాకినట్టు జివ్వుమంది. చెయ్యి తీశాను, పోయింది. మళ్లీ పెట్టాను, వచ్చింది. ఛార్జర్ పీకి పెట్టి చూశాను, లేదు. అల్యూమినియం బాడీ లాప్‌టాప్ అది. ఆవిడ మణికట్లు రోజంతా దాని అంచు మీదే ఉంటాయి.

అంటే ఈవిడ చేతిలో రెండు కరెంట్లు ఉన్నాయి. ఒకటి నరంలోది. రెండు వేళ్లలోనే ఉంటుంది, రాత్రి నిద్రలోనూ ఉంటుంది. రెండోది గోడలో నుంచి వస్తోంది. లోహాన్ని తాకిన చోటల్లా ఉంటుంది, చెయ్యి తీస్తే ఆ క్షణమే పోతుంది. ఈ రెండూ కలిసి "చెయ్యంతా తిమ్మిరి" అయ్యాయి. ఆ మాటే "మెడలో నరం" అయింది.

అప్పటిదాకా వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న వాళ్ల అత్తగారు అన్నారు: "మా ఫ్రిజ్ కూడా అంతే బాబూ. తడి చేత్తో ముట్టుకుంటే చిన్నగా కొడుతుంది. అందుకే చెప్పులేసుకుని తీస్తాం."

నాకు ఆ మాట విన్నాక మెడ సంగతి వెనక్కి పోయింది. ఆ ఇంట్లో ఏడేళ్ల పాప ఉంది. "అమ్మగారూ, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, బల్ల సంగతి రేపు చూద్దాం" అన్నాను.

ఎర్తింగ్

ఇది నా వృత్తి కాదు గానీ, వర్క్‌స్టేషన్ గురించి రాసేవాళ్లు చాలామంది కుర్చీ దగ్గర మొదలుపెట్టి మానిటర్ దగ్గర ఆపేస్తారు. గోడలోని ప్లగ్ దాకా ఎవరూ వెళ్లరు. నేను ఆ రోజు ఎలక్ట్రీషియన్ పక్కనే ఉండి చూశాను.

హోల్డర్‌కి రెండు వైర్లు తగిలించిన టెస్ట్ బల్బు తెచ్చాడు. ఫేజుకీ న్యూట్రల్‌కీ పెడితే నిండుగా వెలిగింది. ఫేజుకీ ఎర్త్‌కీ, అంటే త్రీపిన్ సాకెట్‌లో పైనున్న పెద్ద రంధ్రానికీ పెట్టాడు. ఎర్త్ బాగుంటే అక్కడా అంతే వెలగాలి. హాల్లో ఫ్రిజ్ పాయింట్ దగ్గర ఎర్రగా మిణుకుమంది. ఆవిడ పని చేసే చోట అదీ లేదు. బోర్డు విప్పితే మూడో రంధ్రం వెనక వైరే లేదు. గదికి తర్వాతెప్పుడో లైన్ లాగినప్పుడు రెండు వైర్లతో సరిపెట్టి, పైకి మాత్రం మూడు రంధ్రాల సాకెట్ బిగించారు.

పెరట్లో తులసికోట వెనక ఎర్త్ పిట్, అంటే ఎర్త్ వైరుని భూమిలోకి దింపే గొయ్యి, దొరికింది. మట్టి నెర్రెలిచ్చింది. రోళ్లు పగిలే ఎండలో అంతకంటే ఏముంటుంది? పైపుకి వైరు పట్టి ఉంచే క్లాంపు తుప్పుపట్టి ఊడిపోయి ఉంది.

లాప్‌టాప్ అడాప్టర్లలో కరెంటులో వచ్చే అనవసరపు అలజడిని వడకట్టడానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి గుండా అతి కొద్ది కరెంటు ఎప్పుడూ ఎర్త్‌లోకి పోతుంటుంది. ఎర్త్ లేకపోతే పోవడానికి దారి లేక అది లాప్‌టాప్ లోహపు బాడీ మీదే ఉండిపోతుంది. మనం ముట్టుకుంటే మన గుండా నేలకి దిగుతుంది. అదే జివ్వు. అడాప్టర్ మంచిదైతే ఆ కరెంటు ప్రాణం తీసేంత ఉండదు. కానీ అది ఇచ్చే సమాచారం చాలా పెద్దది: ఈ ఇంట్లో ఎర్త్ లేదు. అదే లైన్ మీద గీజర్ లోపల వైరు తెగి బాడీకి తగిలితే ఆపేది ఏదీ లేదు. ఇంట్లో లాప్‌టాప్ జివ్వుమంటుంటే దయచేసి "అలవాటైపోయింది" అనకండి.

ఇంటి ఓనర్ సగం పెట్టుకున్నారు. కొత్త జీఐ పైపు, బొగ్గు, ఉప్పు వేసి కొత్త పిట్, గదిదాకా ఆకుపచ్చ వైరు, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైన్ ఆపేసే స్విచ్. ఎండాకాలంలో పిట్‌లో అప్పుడప్పుడూ రెండు బకెట్ల నీళ్లు పొయ్యమని చెప్పి వెళ్లాడు. పనిలో పనిగా ఇన్వర్టర్ వెనకున్న చిన్న స్విచ్ కూడా మార్పించాను. అది మామూలు మోడ్‌లో ఉంది, కరెంటు పోయిన ప్రతిసారీ మానిటర్, రౌటర్ ఆరిపోయి మళ్లీ వెలిగేవి. యూపీఎస్ మోడ్‌లో పెడితే ఆ మార్పు కంటికి తెలియనంత వేగంగా జరుగుతుంది. మీటింగ్ మధ్యలో నెట్ పోతుందేమోనన్న టెన్షన్‌తో భుజాలు బిగుసుకోవడం కూడా మెడనొప్పిలో భాగమే. నేను చాలామందిలో చూశాను.

ఆ పని అయ్యాక నాలుగు రోజులు ఒక కాగితం మీద రాసుకోమన్నాను: తిమ్మిరి ఎప్పుడు, ఏ వేళ్లలో. నాలుగు రోజులూ మణికట్టు అన్న మాట లేదు. మిగిలింది చిటికెన వేలు, దాని పక్కది. ఇప్పుడు కేసు శుభ్రంగా కనబడింది.

బల్ల

మొదటి ప్రయత్నంలో నేను తప్పు చేశాను. కొత్త ఖర్చు పెట్టించకూడదని, ఉన్న టేబుల్‌కే మనిషిని ఎత్తుదామనుకున్నాను. ఆటోనగర్‌లో సీటు కవర్లు కుట్టే చోట నాలుగంగుళాల ఫోమ్ కోయించి కుర్చీలో వేశాం. పాదాల కింద రెండు పీటలు ఒకదాని మీద ఒకటి. టేపు పెడితే మోచెయ్యి సరిగ్గా కీబోర్డు దగ్గరికొచ్చింది. లెక్క కుదిరింది.

పది రోజులకి ఫోన్ వచ్చింది. మెడ తేలికైంది, నడుం పట్టేసింది. వెళ్లి చూస్తే కారణం స్పష్టం. మనిషి నాలుగంగుళాలు లేచింది, కుర్చీ వీపు లేవలేదు. నడుముకి ఆసరా ఇవ్వాల్సిన వంపు ఇప్పుడు పిరుదుల దగ్గర తగులుతోంది. పీటల మీద పాదాలకి ఒకటే భంగిమ, కొంచెం కాలు చాపితే కింద పడుతుంది. పైగా పూటకోసారి భోజనాలకి అన్నీ తీసి మళ్లీ పెట్టుకోవాలి. మూడో రోజు నుంచి పీట ఒక్కటే మిగిలింది. ఒక కొలత సరిచేస్తే మిగతావన్నీ కదులుతాయని తెలిసి కూడా నేను ఒక్కదాన్నే చూశాను. ఆవిడకి ఆ మాటే చెప్పి, బల్ల చేయించుకోమన్నాను.

ముందు కుర్చీ కొనాలి, ఎందుకంటే బల్ల ఎత్తు కుర్చీని బట్టే. షాపులో అందరికీ చూపించినట్టే ఈవిడకీ పెద్ద బాస్ కుర్చీ చూపించారు. దాని సీటు లోతు 20 అంగుళాలు. ఈవిడ వీపు వెనక్కి ఆనితే సీటు అంచు మోకాలి వెనక మడతలో గుచ్చుకుంటుంది, గుచ్చుకోకుండా ముందుకు జరిగితే వీపుకి ఆసరా పోతుంది. సీటు అంచుకీ మోకాలి మడతకీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. చివరికి సీటు లోతు తగ్గించుకునే వీలు, చేతులు పైకీ కిందికీ జరిగే వీలు ఉన్న సెకండ్‌హ్యాండ్ రివాల్వింగ్ కుర్చీ దొరికింది. నెట్టు వీపు. మన ఎండలకి రెగ్జిన్ కన్నా అదే నయం.

కానీ దాన్ని ఎంత దించినా 17 అంగుళాల కంటే కిందికి రాలేదు. ఆవిడకి కావాల్సింది 15. ఇక్కడ రాజీ తప్పదు. పాదాల కింద రెండంగుళాల వెడల్పాటి చెక్క, రెండు కాళ్లూ ఎటు జరిపినా పడనంత పెద్దది. కుర్చీ 17, మోచెయ్యి 26, కాబట్టి బల్ల పైభాగం ఇరవై అయిదున్నర.

కార్పెంటర్ మేస్త్రి నా కాగితం చూసి ఒప్పుకోలేదు. "ఇరవై అయిదున్నరా? టేబుల్ అంటే ముప్పై సార్. ఇది చిన్నపిల్లల బల్ల అవుతుంది. రేపు వాళ్లాయన కూర్చుంటే మోకాళ్లు తగులుతాయి, నన్ను తిడతారు."

"వాళ్లాయన కూర్చోరు మేస్త్రీ. ఇది అమ్మగారి బల్ల."

ఆయన నమ్మకం లేని చూపు చూసి, ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, తన అడుగుబద్దతో మళ్లీ తనే కొలిచాడు. తొడ పైభాగానికీ బల్ల అడుగుకీ మధ్య చెయ్యి పెట్టి చూశాడు. రెండు వేళ్లు పైనే పట్టింది. అప్పుడు పెన్సిల్ చెవి మీంచి తీసి గోడ మీద గీత పెట్టాడు. నాకు ఆ పద్ధతి చాలా నచ్చింది. లెక్క నమ్మనివాడు మనిషిని కొలిచి నమ్మాడు. అంతే కాదు, నేను చెప్పకుండానే ముందు అంచుని రంధా పట్టి గుండ్రంగా చేశాడు: "చెయ్యి ఆనేది ఇక్కడేగా." గాజు అంచు చేసిన పని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ప్లైవుడ్ మీద మైకా, మెరుపు లేని రకం, నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల లోతు. లోతు ఎందుకంటే మానిటర్ చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి. అడుగున్నర లోతు బల్లల మీద మానిటర్ ముక్కుకి తగులుతుంది.

మానిటర్ ఇప్పుడు ఎదురుగా, లాప్‌టాప్ మూత మూసి పక్కన. కన్ను నేలకి 45 అంగుళాల్లో ఉంది, కాబట్టి స్క్రీన్ పై అంచు అక్కడికో, కాస్త కిందికో రావాలి. దాని స్టాండు కింద ఒక చెక్క ముక్క చాలింది. ఇక్కడ చిన్న హెచ్చరిక. నలభై అయిదు దాటి ప్రోగ్రెసివ్ అద్దాలు వాడేవాళ్లు ఈ కొలత పట్టుకోకండి. వాళ్లు అద్దాల కింది భాగంతో స్క్రీన్ చూస్తారు, కాబట్టి మానిటర్ ఇంకా దించాలి, లేకపోతే రోజంతా గడ్డం పైకెత్తాల్సి వస్తుంది.

కీబోర్డు విడిగా కొన్నారు, కుడివైపు అంకెల మీటలు లేని చిన్నది. కోడ్ రాసేవాళ్లకి ఆ అంకెల భాగం పెద్దగా పనికిరాదు. అది ఉన్నందువల్ల మౌస్ దూరంగా పోతుంది, భుజం బయటికి లాగుతుంది. అది లేకపోతే మౌస్ మోచేతికి నేరుగా ముందుకొస్తుంది. ఆవిడ అన్నిటికంటే ఎక్కువ మెచ్చుకున్న మార్పు ఇదే. నాకు అది ఊహించనిది.

బల్లని గది ఉత్తరపు గోడకి వేశాం, పడమటి కిటికీ ఇప్పుడు ఎడమపక్క. ఎండ స్క్రీన్ మీద పడదు, కంట్లోకీ కొట్టదు. మూడు దాటాక కర్టెన్.

చేతికి చేసిన వైద్యం, తర్వాతి నెలలు

నిజానికి ఇది చిన్న భాగం. కాలర్ తీయించాను. రాత్రి మోచెయ్యి మడవకుండా, మోచేతి చుట్టూ టవల్ వదులుగా చుట్టి టేపు వేసుకుని పడుకోమన్నాను. ఫోన్ చెవి దగ్గర పట్టుకోవడం మానేసి హెడ్‌సెట్. నరం దాని దారిలో సాఫీగా జారేలా చేసే మెల్లని కదలికలు, రోజుకి రెండుసార్లు, నొప్పి వచ్చేదాకా లాగకూడదు. భుజం వెనక కండలకి రబ్బరు బ్యాండుతో వ్యాయామం. కళ్లకి, ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరం ఇరవై సెకన్లు చూడటం. ఆవిడ కిటికీలోంచి ఎదురింటి వేపచెట్టు చూస్తానన్నారు.

కష్టమైంది ఒక్కటే, కాల్స్‌లో గడ్డం కింద చెయ్యి పెట్టుకోవడం మానిపించడం. బల్ల మారినా అలవాటు వచ్చింది. సాయంత్రం ఆరున్నర నుంచి అమెరికా టీమ్‌తో కాల్స్, అలసట, చెయ్యి దానంతటదే గడ్డం కిందికి పోతుంది. అప్పుడు ఆవిడే ఉపాయం కనిపెట్టారు: తను మాట్లాడాల్సిన పని లేని కాల్స్ నిలబడి, గదిలో నడుస్తూ వింటారు. రోజుకి దాదాపు గంటన్నర అలా కుర్చీ తప్పింది. ఖరీదైన నిలబడే బల్ల కొనాలా అని నన్ను చాలామంది అడుగుతారు. ఈ కేసు తర్వాత నా జవాబు కొంచెం మారింది, ముందు నడవగలిగే కాల్స్ ఎన్నున్నాయో లెక్కపెట్టుకోమంటున్నాను.

రాత్రి మెలకువ రావడం మూడో వారానికి ఆగింది. మెడనొప్పి మొదటి రోజు పదికి ఏడు అన్నారు, ఆరో వారానికి రెండు. సాయంత్రపు తలనొప్పి ఎప్పుడు పోయిందో ఆవిడకే గుర్తు లేదు. చిటికెన వేలి తిమ్మిరి అన్నిటికంటే నెమ్మదిగా తగ్గింది. నరం అంతే, తొందరపెడితే వినదు. అక్టోబర్‌లో చివరిసారి చూసినప్పుడు, మోచెయ్యి మడిచి నిమిషం పైగా ఉంచితే గానీ రాలేదు. మోచేతి మీద నల్లమచ్చ మెత్తబడింది, పూర్తిగా పోలేదు.

ఆ రోజు ఇంటికే వెళ్లాను. టీ తాగుతుండగా వాళ్ల అత్తగారు పాలగిన్నె పెట్టడానికి ఫ్రిజ్ తలుపు తీశారు. కాళ్లకి చెప్పుల్లేవు.

ఆవిడ కంపెనీ వారానికి రెండు రోజులు హైదరాబాద్ ఆఫీసుకి రమ్మంటోందట. అక్కడి బల్లలన్నీ 29 అంగుళాలవి, ఎత్తు మారనివి. కొలతల కాగితం ఫోటో తీసుకోమన్నాను: మోకాలు 15, మోచెయ్యి 9, కన్ను 28. 29 అంగుళాల బల్లకి కుర్చీని ఇరవై దాకా లేపాలి, కాబట్టి అయిదంగుళాల ఫుట్‌రెస్ట్ అడగమన్నాను. ఆ కుర్చీకి వీపు కూడా సీటుతోపాటు లేస్తుందో లేదో ముందే చూడమని రెండుసార్లు చెప్పాను. మెయిల్ పెట్టారు. ఇంకా జవాబు రాలేదు.